పెరడు ఊడ్చే ముందు: చలికాలపు తోట, పిట్టల రాక గురించి ఒక పాఠకురాలికి సమాధానం

ప్రశ్న: మాది హనుమకొండ శివారు. కిందటేడు కొత్త ఇంట్లోకి వచ్చాం. ఇంటి వెనక సుమారు 150 గజాల పెరడు ఉంది. ఒక మామిడి, ఒక జామ, కరివేపాకు, మల్లె పొదలు, ఐదారు గులాబీలు, గోడ వెంట చేమంతులు ఉన్నాయి. బతుకమ్మ కోసం ఒక మూల గునుగు చల్లితే అది ఇప్పుడు గింజకు వచ్చి ఎండుతోంది. చలికాలానికి తోటను ఎలా సిద్ధం చేయాలో తెలుసుకుందామని వీడియోలు చూస్తే మొక్కలకు గుడ్డలు చుట్టమని, కొమ్మలన్నీ కత్తిరించమని చెబుతున్నారు. పిట్టలు రావాలని గింజలు పోసే ప్లాస్టిక్ గొట్టం ఒకటి తెప్పించి వేలాడదీస్తే పావురాలు తప్ప మరేవీ రావడం లేదు. రాలిన ఆకులుంటే పాములు చేరతాయి, ఊడ్చి తగలబెట్టమని మా అత్తగారు, మట్టి ఉంటే బురద, పెరడంతా టైల్స్ వేయిద్దామని మా వారు అంటున్నారు. చేమంతులు ఈసారి ఇంకా మొగ్గ కూడా తొడగలేదు. దసరా నాడు పాలపిట్టను చూడాలని పొలాల దాకా వెళ్ళాం. అది మా పెరట్లోకి వచ్చే ఉపాయం ఏమైనా ఉందా?

సమాధానం: మీరు చూసిన వీడియోల్లోని సలహాలు తప్పు కావు గాని, అవి నేల గడ్డకట్టే దేశాల వారికోసం చెప్పినవి. అక్కడ చలికాలంలో తోట నిద్రపోతుంది; అందుకే వేళ్ళ మీద గడ్డి కప్పుతారు, సున్నితమైన మొక్కలకు గుడ్డ చుడతారు, పిట్టలకు బయట తిండి కరువవుతుంది కనుక కొవ్వు ముద్దలూ పొద్దుతిరుగుడు గింజలూ వేలాడదీస్తారు. మన దగ్గర నైరుతి రుతుపవనాలు అక్టోబరు నడిమికల్లా వెనుదిరిగాక మొదలయ్యేది ఏడాది మొత్తంలో పెరటి సాగుకు అన్నిటికన్నా అనువైన కాలం. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మీ ప్రాంతపు ఉష్ణోగ్రత 15 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, చలిగాలులు వీచిన కొద్ది రోజులు 10 దగ్గరికి దిగవచ్చు. మీరు చెప్పిన మొక్కల్లో దేనికీ ఇది ప్రాణాపాయం కాదు, గుడ్డలు చుట్టే శ్రమ పెట్టుకోకండి. ఈ నాలుగు నెలల్లో మనకు ఎదురయ్యే ఇబ్బంది చలి కన్నా ఎండుదనం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చెప్పుకోదగ్గ వాన ఉండదు, తెల్లవారుజామున పడే మంచు ఆకులను తడిపి తెగుళ్ళకు దారి చేస్తుందే గాని వేళ్ళ దాకా దిగదు, పెరటి మొక్కలకే కాదు, పెరట్లోకి వచ్చే పిట్టలకూ అప్పటినుంచే నీటి కటకట మొదలవుతుంది.

మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే పిట్టలకు కావలసిన వాటిలో సగానికి పైగా మీ పెరట్లో ఇప్పటికే ఉన్నాయి. వాటిని ఊడ్చేయకుండా, కత్తిరించేయకుండా, టైల్స్ కింద పూడ్చేయకుండా కాపాడుకోవడమే ఈ చలికాలంలో మీరు చేయవలసిన ముఖ్యమైన పని. గింజల గొట్టం ఆఖరి మాట; అది లేకపోయినా పెద్ద నష్టం లేదని నా అభిప్రాయం.

ముందు గునుగు సంగతి. పండుగ అయిపోయింది కదా అని ఎండిన గునుగును పీకేయకండి. ఆ వెన్నుల్లో నల్లగా మెరిసే సన్న గింజలుంటాయి. పిచ్చుకలకూ, పిచ్చుకకన్నా చిన్నగా, మందమైన ముక్కుతో గుంపులుగా తిరిగే జీనువాయి పిట్టలకూ అటువంటి సన్న గింజలే కావాలి. గింజ రాలినంత రాలాక, జనవరి చివర మొదళ్ళు కోసి మామిడి పాదులో పరచండి. వచ్చే వానాకాలానికి అదే మూల మళ్ళీ మొలకెత్తుతుంది, బతుకమ్మకు పూలు వెతుక్కోనక్కరలేదు. ఇదే పద్ధతిని ముదిరిన తోటకూరకూ పాటించవచ్చు: కూరకు పనికిరాని నాలుగు మొక్కలను కంకి వేయనివ్వండి. తులసి విషయంలో మాత్రం కోటలో పూజలందుకునే మొక్కకు వెన్నులు గిల్లుతూ ఉండాలి, లేకపోతే అది త్వరగా ముసలిదవుతుంది. దాని గింజ పడి పక్కన మొలిచిన మొక్కలను మట్టుకు ఒక మూలకు మార్చి, వెన్ను ఎండేదాకా వదిలేయండి. గోడ మీద పాకే బచ్చలి ఉంటే ఊదారంగు పండ్లను కోయకండి. వాటి కోసం పికిలి పిట్టలు వస్తాయి. జామ ఈ కాలంలోనే బాగా కాస్తుంది కాబట్టి చేతికందే కాయలకు మీకోసం గుడ్డ సంచులు కట్టుకుని, చిటారు కొమ్మల కాయలను రామచిలుకలకు వదిలిపెడితే ఇద్దరికీ పేచీ ఉండదు.

రాలిన ఆకుల విషయంలో మీ అత్తగారి భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. శివార్లలో కొత్తగా కట్టిన ఇళ్ళ దగ్గర పాములు కనబడటం మామూలే, కట్లపాము వంటివి రాత్రిపూట తిరుగుతాయి. అయితే అవి పగలు దాక్కునేది నేల మీద పలచగా పరచిన ఆకుల్లో కన్నా ఇల్లు కట్టినప్పుడు మిగిలిపోయిన ఇటుకల కుప్పల్లో, పగిలిన టైల్స్ కింద, కట్టెల మోపుల్లో, ఎలుక బొరియల్లో. మీ పెరట్లో అటువంటి కుప్పలుంటే ఈ నెలలోనే తీసేయించండి. ఆకులు తగలబెట్టడం కన్నా అది ఎన్నో రెట్లు రక్షణ. ఇంటి గోడ నుంచి, నడిచే దారి నుంచి నాలుగడుగుల మేర శుభ్రంగా ఊడ్చి ఉంచి, ఆ అవతల మామిడి కింద, మల్లె పొదల మొదట్లో మాత్రం ఆకులను రెండు మూడంగుళాల మందానికి మించకుండా పరచండి. రాత్రి పెరట్లోకి వెళ్ళవలసి వస్తే టార్చిలైటు, చెప్పులు తప్పనిసరి. ఈ ఏర్పాటుకు మీ అత్తగారు ఒప్పుకుంటారనే అనుకుంటున్నాను.

ఇంతగా ఆకులను వెనకేసుకు రావడానికి కారణం ఉంది. ఆ పొర నేల తేమను ఆపుతుంది, కుళ్ళి ఎరువవుతుంది, అన్నిటికీ మించి పురుగూ పుట్రా, వానపాములూ, చీమలూ, సాలీళ్ళూ దాని కింద బతుకుతాయి. పిట్టల్ని రప్పించడమంటే గింజలు వేయడమేనని మనలో చాలామంది అనుకుంటారు గాని, పెరట్లోకి వచ్చే వాటిలో పురుగులు తినేవే ఎక్కువ. ముఖ్యంగా చలికాలంలో ఉత్తర, మధ్య ఆసియా దేశాల నుంచి మన ప్రాంతానికి వలస వచ్చే చిన్న పిట్టల్లో దాదాపు ఏదీ మీ గింజల గొట్టం వైపు కన్నెత్తి చూడదు. కంచె పొదల్లో కనబడకుండా దూరి ‘చెక్, చెక్’ మంటూ తిరిగే గోధుమరంగు వార్బ్లర్లు, మామిడి ఆకుల సందుల్లో పురుగులేరుకునే పచ్చటి వార్బ్లర్లు, కింది కొమ్మ మీద కూర్చుని తోక పైకెత్తి ఆడించే చిన్న ఫ్లైక్యాచర్లు, తడి నేల మీద తోకను కిందికీ మీదికీ ఊపుతూ పరుగెత్తే వాగ్‌టెయిల్ పిట్టలు సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి మార్చి, ఏప్రిల్ దాకా ఉంటాయి. ఒకసారి ఒక పెరడు నచ్చితే అదే పొదల చుట్టూ నెలల తరబడి తిరుగుతాయి. ఏడాది పొడుగునా మనతోనే ఉండే నల్లంచి, కుట్టుపిట్ట, గోరింక కూడా పురుగుల మీద ఆధారపడ్డవే. గింజలు తిని బతికే పిచ్చుక సైతం పిల్లలకు తొలి రోజుల్లో పెట్టేది పురుగులే. పురుగులు లేని వీధిలో ఎన్ని నూకలు చల్లినా పిచ్చుక సంసారం నిలవదు.

కాబట్టి ఆకు తిన్న పురుగును చూడగానే మందు డబ్బా తీసుకోకండి. కరివేపాకు ఆకులను కొరికే పచ్చ గొంగళ్ళు నిమ్మజాతి మొక్కల మీద బతికే సీతాకోకచిలుకల పిల్లలు. పెద్ద చెట్టయితే ఆ మాత్రం ఆకు పోయినా దానికి లెక్కలేదు. చలికాలంలో నిజంగా బెడద పెట్టేవి రెండు. ఒకటి చిక్కుడు, గులాబీ లేత చిగుళ్ళకు పట్టే పేనుబంక; దానికి ముందుగా నీళ్ళ పైపుతో చిగురు కింద గట్టిగా కొట్టి చూడండి, మూడు రోజుల తర్వాత కూడా తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీళ్ళలో కలవడానికి కాస్త సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. రెండవది మంచు పడే రోజుల్లో ఆకుల మీద తెల్లగా పొడి చల్లినట్టు వచ్చే బూడిద తెగులు. సోకిన ఆకులు తుంచి, మొక్కల మధ్య గాలి ఆడేలా చేసి, నీళ్ళు సాయంత్రం కాకుండా పొద్దున, అదీ ఆకుల మీద పడకుండా పాదులో పోస్తే చాలావరకు అదుపులో ఉంటుంది.

ఇక కత్తెర. అన్ని మొక్కలనూ ఒకే వారంలో కత్తిరించమనే సలహాను పాటించారంటే వచ్చే వేసవికి మామిడి కాయ ఉండదు. మామిడికి డిసెంబరు, జనవరిల్లో పూత వచ్చేది ముదిరిన కొమ్మల కొసల్లోనే. ఇప్పుడు కొసలు కత్తిరిస్తే పూతను కత్తిరించినట్టే. దానికి ఇప్పటి నుంచి నీళ్ళు ఆపేసి, పిందె బఠాణీ గింజంత అయ్యాకే మళ్ళీ తడి ఇవ్వండి. గులాబీలకు మాత్రం వానలు వెనకబట్టిన ఈ రోజులే సరైనవి: ఎండిన, సన్నని, లోపలికి పెరిగిన కొమ్మలు తీసేసి, మిగిలిన వాటిని బయటి వైపు చూసే మొగ్గకు కాస్త పైన ఏటవాలుగా కోసి, కోసిన చోట బోర్డో ముద్ద (మైలుతుత్తం, సున్నం కలిపిన తెగుళ్ళ మందు) పూయండి, ఆరేడు వారాల్లో పూలు మొదలవుతాయి. మల్లెకు ఇంకా తొందర లేదు. నవంబరు చివర నీళ్ళు తగ్గించి, ఆకు రాల్చుకోనిచ్చి, డిసెంబరు–జనవరిల్లో నేల నుంచి అడుగున్నర ఎత్తుకు కోసి, మాగిన పశువుల ఎరువు వేసి నీళ్ళు పెడితే ఎండాకాలం తొలి రోజులకు మొగ్గ తొడుగుతుంది. కోసే ముందు పొద లోపల ఒకసారి చూడండి. తేనెపిట్టలకు గూడు కట్టడానికి ఫలానా నెలని ఉండదు, సాలెగూళ్ళూ ఎండాకులూ కలిపి వేలాడే చిన్న సంచి వంటి గూడు కనబడితే ఆ కొమ్మను అలాగే వదిలేయండి. తేనెపిట్టలు మీకు ఇంకా రావడం లేదనుకుంటే మందారం, నూరువరహాలు, ఎర్రటి గొట్టపు పూల హమేలియా వంటివి గోడ పక్కన పెట్టండి. పునాస చినుకులు పడేదాకా ఆగనక్కరలేదు, కుండీలో వేళ్ళూనిన మొక్క ఇప్పుడు నాటినా నీళ్ళు పోస్తే నిలబడుతుంది.

చేమంతులు మొగ్గ తొడగకపోవడానికి కారణం మీ ఉత్తరంలో లేదు గాని, కొత్త ఇల్లు, గోడ వెంట వరస అని రాశారు కనుక అడుగుతున్నాను: ఆ గోడ మీద రాత్రంతా వెలిగే ఎల్‌ఈడీ దీపం గాని, పక్కనే వీధి దీపం గాని ఉందా? చేమంతి పగలు తగ్గి రాత్రి పెరగడాన్ని గుర్తుపట్టి పూతకు వచ్చే మొక్క. మన ప్రాంతంలో జూన్‌లో 13 గంటలకు పైగా ఉండే పగలు డిసెంబరు నాటికి 11 గంటల చిల్లరకు తగ్గుతుంది; ఆ పొడవాటి చీకటికి దీపం అడ్డం పడితే మొక్క ఇంకా వేసవే అనుకుని ఆకులే వేస్తూ పోతుంది. దీపం ఆర్పేయండి, లేదా మనిషి కదిలినప్పుడే వెలిగే రకానికి మార్చండి. వీధి దీపమైతే కుండీలను ఇంటి నీడ పడే వైపుకు జరపండి. చీకటి దొరికాక సుమారు నెలకు మొగ్గ కనబడుతుంది, సంక్రాంతికి పూలు రావచ్చు. చిక్కుడు, కంది నాటు రకాలదీ ఇదే స్వభావం. దీపం ఆర్పడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది: రాత్రంతా దీపం చుట్టూ తిరిగి చచ్చే పురుగులు మిగులుతాయి, పొదల్లో నిద్రించే పిట్టలకు చీకటి దక్కుతుంది.

కూరల గురించి మీరు అడగలేదు, అయినా ఇంత నేల ఉంచుకుని ఈ కాలంలో మెంతి, పాలకూర, కొత్తిమీర, ముల్లంగి వేయకపోతే అన్యాయం. వానలకు బిగుసుకున్న నేలను జానెడు లోతు గొప్పు తవ్వి, కలుపు ఏరి, మాగిన ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి మళ్ళు కట్టండి. ధనియాలను రెండు బద్దలుగా నలిపి చల్లాలి. మెంతి నెలలోపే కోతకు వస్తుంది; పదిహేను రోజులకొక మడి చొప్పున చల్లుతూ పోతే ఫిబ్రవరి దాకా కూర తెగదు. క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు ఇప్పుడే నాటాలి, ఆలస్యమైతే గడ్డ కట్టే వేళకు ఎండలు ముదురుతాయి. లేత మొలకలను పిచ్చుకలూ పికిళ్ళూ కొరుకుతాయి కదా అని నైలాన్ వలలు వదులుగా పరచకండి, కాళ్ళు చిక్కుకుని పిట్టలు చస్తాయి. రెండు వారాల పాటు మడి మీద రేగు కంప పరచినా, దోమతెర గుడ్డను నాలుగు కర్రలకు బిగించి కట్టినా సరిపోతుంది.

గింజల కన్నా ముందు నీళ్ళు పెట్టండి. వానలు లేని ఈ నెలల్లో గింజ తినే పిట్ట, పురుగు తినే పిట్ట, పండు తినే పిట్ట అన్న తేడా లేకుండా అన్నీ వచ్చేది నీటి దగ్గరికే. దీనికి ఖరీదైన సామాను అక్కరలేదు, వెడల్పాటి మట్టి మూకుడు చాలు. నున్నటి స్టీలు, ప్లాస్టిక్ పళ్ళాల్లో పిట్టల కాళ్ళు జారతాయి. లోతు రెండంగుళాలకు మించకూడదు, మధ్యలో నీటిపైకి తేలేలా ఒక చదునైన రాయి పెడితే చిన్న పిట్టలు దాని మీద నిలబడి తాగుతాయి, రెక్కలు తడుపుకుంటాయి. మూకుడు పొదకు ఆరేడు అడుగుల దూరంలో, నడుమెత్తు దిమ్మె మీద ఉండాలి: మరీ దగ్గరైతే పొదలో పొంచిన పిల్లికి వీలవుతుంది, మరీ దూరమైతే డేగ వచ్చినప్పుడు పిట్టకు దూరే చోటు ఉండదు. నీళ్ళు రోజూ మార్చాలి, రెండు రోజులకొకసారి లోపలి అంచులను కొబ్బరి పీచుతో రుద్ది కడగాలి. డెంగీని మోసే దోమ శుభ్రమైన నీటిలోనే, పాత్ర గోడలకు అంటుకునేలా గుడ్లు పెడుతుంది. పారబోసి మళ్ళీ నింపినంత మాత్రాన ఆ గుడ్లు పోవు. మీరు ఊరికి వెళ్ళే రోజుల్లో మూకుడును బోర్లించి వెళ్ళండి.

మీ వారు చెప్పిన బురద ఇబ్బంది నిజమే గాని, దానికి పెరడంతా కప్పేయనక్కరలేదు. తలుపు నుంచి బట్టలారేసుకునే చోటు దాకా, కుళాయి చుట్టూ నాలుగడుగుల వెడల్పున షాబాదు బండలు పరిచి, బండల సందుల్లో సిమెంటుకు బదులు ఇసుక నింపిస్తే నీరు ఇంకుతుంది, కాళ్ళకు బురద అంటదు. మిగిలిన నేలలో ఎండ తగిలే ఒక మూల చేటెడంత చోటు మెత్తని పొడి మట్టిగా వదిలిపెట్టండి. పిచ్చుకలు ఒంటికి పట్టిన పేలు వదిలించుకోవడానికి దుమ్ములో పొర్లుతాయి. సిమెంటు చేసిన వీధుల్లో వాటికి దొరకనిది ఆ పిడికెడు దుమ్మే. టైల్స్ వేసిన పెరడు ఎండాకాలంలో పెనంలా కాలుతుందని, బోరులోకి ఇంకే నీరు తగ్గుతుందని కూడా మీ వారికి చెప్పి చూడండి. పిట్టల మాటకు కరగనివారు బోరు మాటకు కరగవచ్చు.

ఇప్పుడు గొట్టం, పావురాలు. పావురం ఏ గూటిలోనైనా, ఏ తిండితోనైనా బతకగలదు, అపార్ట్‌మెంట్ల సజ్జలన్నీ దానికి కొండ చరియలే. గొట్టం కింద పళ్ళెం ఉంటే అది అక్కడే తిష్ఠ వేసి చిన్న పిట్టల్ని దరి చేరనివ్వదు. వాటి ఎండిన రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నారు కనుక ఈ సంగతి పట్టించుకోవాలి. గొట్టాన్ని తీసి కడిగి మూడు వారాలు లోపల పెట్టండి, పావురాలు వేరే మేడ చూసుకుంటాయి. తర్వాత దాని బదులు వరి కంకుల కుచ్చు కట్టండి. నవంబరులో మీ చుట్టుపక్కల వానాకాలపు వరి కోతలు సాగుతుంటాయి. తెలిసిన రైతును అడిగి, కోతకు ముందు మందు కొట్టని మడి నుంచి అడుగు పొడవు కాడలతో రెండు గుప్పెళ్ళ కంకులు తెచ్చుకుని, కాడల వైపు బిగించి కట్టి, కంకులు కిందికి వేలాడేలా వరండా దూలానికో మామిడి కొమ్మకో తగిలించండి. పాత ఇళ్ళ వసారాల్లో, గుళ్ళ మండపాల్లో కోతల కాలంలో పిచ్చుకల కోసం కుచ్చులు కట్టే అలవాటు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. గోదావరి జిల్లాల్లో వాటిని జడలా అందంగా అల్లుతారు. దీని సుళువు ఏమిటంటే, ఊగే కంకిని పట్టుకుని తలకిందులుగానైనా తినగలిగే పిచ్చుకా జీనువాయీ దాని మీద వాలతాయి, బరువైన పావురానికి కాలు నిలవదు. సీలింగు ఫ్యాను తిరిగే చోట మాత్రం కట్టకండి.

దీనికి తోడు కొర్రలు, సజ్జలు, నూకలు పొద్దున పూట ఒక పళ్ళెంలో వేయాలనిపిస్తే సాయంత్రానికి ఖాళీ అయ్యేంతే వేయండి. రాత్రికి మిగిలిన గింజ ఎలుకలను తెస్తుంది, ఎలుకల వెంట పాము వస్తుంది. మీ అత్తగారు జాగ్రత్త పడవలసింది ఇక్కడ. ఉప్పు, నూనె కలిసిన వంటకాలు, బ్రెడ్డు, బిస్కట్లు, కారప్పూస పిట్టలకు పెట్టకూడదు. ఎవరైనా పంజరంలో చిలుకనో మునియాల (జీనువాయిల) జంటనో కొనుక్కోమని చెబితే వినకండి; 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

పిచ్చుకలకు గూడు పెట్టె కట్టాలనుకుంటే డిసెంబరు, జనవరిలే అనువు, ఎండలు మొదలయ్యే నాటికి అవి చోటు చూసుకుని ఉంటాయి. ద్వారం 3 సెంటీమీటర్లకు రవ్వంత పైన ఉండాలి, అంతకన్నా పెద్దదైతే గోరింకలు ఆక్రమిస్తాయి. ఎనిమిది తొమ్మిదడుగుల ఎత్తున, పడమటెండ తగలని గోడకు బిగించి, ముందు నిలబడటానికి పుల్ల పెట్టకండి. పుల్ల పిచ్చుకకు కన్నా గుడ్లు దొంగిలించే కాకికి ఎక్కువ ఉపయోగం. పిచ్చుకలు అంతరించిపోతున్నాయన్న మాట తరచూ వింటాం గాని, 2020లో వచ్చిన దేశవ్యాప్త పక్షుల నివేదిక ప్రకారం వాటి సంఖ్య మొత్తమ్మీద నిలకడగానే ఉంది, తగ్గింది ప్రధానంగా మహానగరాల్లో. మీరున్న శివారు వంటి చోట అవి రావడానికి అవకాశాలు బాగానే ఉన్నాయి.

పాలపిట్ట సంగతి వేరు. అదే నివేదిక 2023 కూర్పులో పాలపిట్టల సంఖ్య దాదాపు 30 శాతం పడిపోయినట్టు తేలింది. అది గింజలకు రాదు, పండుకు రాదు, పొదల్లోకి దూరదు. ఎత్తయిన కరెంటు తీగ మీదనో మోడు మీదనో కూర్చుని, కింద బయలు నేల మీద కదిలే మిడతనూ పేడపురుగునూ చూసి దూకే పిట్ట అది. గూడు తాటి మోడుల తొర్రల్లో, ఎండిన చెట్ల బొరియల్లో పెడుతుంది. 150 గజాల పెరట్లో దానికి వేట చాలదు, కాబట్టి ఉపాయం ఉందని మీకు ఆశ పెట్టలేను. మీ గోడ అవతల ఖాళీ ప్లాట్లుంటే అక్కడి గడ్డిని తగలబెట్టకుండా, మందులు చల్లకుండా చూడమని యజమానులను అడగండి, ఎండిన చెట్టు ఏదైనా ఉంటే కొట్టేయకుండా ఆపండి. చలికాలపు పొద్దుల్లో మీ వీధి తీగ మీద అది కనబడే అవకాశం ఉంటుంది. దసరా నాడు పంజరంలో పట్టితెచ్చి డబ్బులకు చూపించేవారిని మాత్రం ప్రోత్సహించకండి. ఎగరకుండా రెక్కలు కట్టేసిన ఆ పిట్టల్లో బతికి బయటపడేవి తక్కువ. మీ పెరట్లోకి ఏవేవి వస్తున్నాయో రాసిపెట్టుకోవాలనుకుంటే ఫిబ్రవరి నడుమ నాలుగు రోజులు జరిగే పెరటి పక్షుల లెక్కింపులో మీరూ పాల్గొనవచ్చు. మన దేశంలో 2013 నుంచి జరుగుతున్నది. పావుగంట పెరట్లో కూర్చుని చూసినవి ఫోనులో నమోదు చేస్తే చాలు.

చివరిగా సంక్రాంతి. గాజుపొడి పూసిన నైలాన్ దారాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించినా జనవరిలో అది చాటుగా దొరుకుతూనే ఉంటుంది. మీ ఇంట్లో పిల్లలకు నూలు దారమే కొనివ్వండి, పిట్టలు గూళ్ళు వదిలే తెల్లవారుజామున, గూళ్ళకు చేరే మునిమాపు వేళ పతంగులు ఎగరేయవద్దని చెప్పండి. పండుగ మర్నాడు మామిడి, జామ కొమ్మల్లో చిక్కిన దారాన్ని పొడవాటి దోటితో తీసి, ముక్కలుగా కత్తిరించి చెత్తలో వేయండి. దారానికి చిక్కిన పిట్ట దొరికితే దారాన్ని లాగకుండా రెండువైపులా కత్తిరించి, గుడ్డతో మెల్లగా పట్టుకుని, గాలి ఆడే అట్టపెట్టెలో చీకటిగా ఉంచి, నోట్లో నీళ్ళు పోయకుండా దగ్గరి పశువైద్యశాలకు గాని, అటవీశాఖ వారికి గాని అప్పగించండి.